రెండు సర్వర్ల మధ్య ఒక వ్యాసం

మా మేనకోడలు రాసిన వ్యాసం ఒకటి కొంతకాలం ఢిల్లీలో ఉండీ లేకుండా తిరిగింది. ఫోన్‌లో తెరిస్తే ఉండేది. తెరను వేలితో కిందికి లాగితే మాయమయ్యేది. ఇంకోసారి లాగితే, ఏమీ ఎరగనట్టు మళ్లీ వచ్చి కూర్చునేది.

“మావయ్యా, మీ సైటుకి ఏదో సోకింది,” అంది ఫోన్ చేసి. “నా వ్యాసం కనిపిస్తోంది, పోతోంది. మా రూమ్మేటు అగరొత్తులు వెలిగిద్దాం అంటోంది.”

“వెలిగించకండి. మీ గదిలో పొగకి చోటు లేదు,” అన్నాను.

నిజంగానే లేదు. ముఖర్జీ నగర్‌లో మా మేనకోడలు ఉండే పీజీ గది ఎంతటిదంటే, మంచం మీద కూర్చుని చెయ్యి చాపితే వంటా, స్నానమూ, ప్రపంచ చరిత్రా అన్నీ అందుతాయి. ఇద్దరూ ఒకేసారి ఊపిరి పీల్చుకుంటే తలుపు దానంతటదే తెరుచుకుంటుందని నా అనుమానం. ఆ గదిలో కూర్చుని ఈ పిల్ల సివిల్స్‌కి చదువుతోంది, అదీ తెలుగు మాధ్యమంలో. చుట్టూ అందరూ ఇంగ్లీషులోనో హిందీలోనో రాస్తుంటే, “నాకు ఆలోచన తెలుగులో వస్తుంది, రాత మాత్రం ఇంకోదాంట్లో ఎందుకు?” అని పట్టుపట్టి కూర్చుంది. రాయడం బాగానే ఉంది, దిద్దేవాళ్లేరీ? కోచింగ్ సెంటర్ మాస్టార్లు తన వ్యాసాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, అక్షరాలు చాలా గుండ్రంగా ఉన్నాయని మెచ్చుకుని తిరిగి ఇచ్చేసేవారు. తను రాసిన ఒక్క వ్యాసాన్నీ ఢిల్లీ వచ్చాక ఎవరూ చదివిన పాపాన పోలేదు.

ఆ కోచింగ్ సెంటర్ సైటు మేం చేసిందే. మేం అంటే నోయిడాలో ఒక చిన్న కంపెనీ, అందులో నేను. ఉండటం ఘాజియాబాద్‌లో. విద్యార్థులు పరీక్ష హాల్లో కాగితాల మీద రాస్తారు. వాటిని అక్కడికక్కడే స్కాన్ చేసి మా సర్వర్‌కి ఎక్కిస్తారు. ఆ సాయంత్రమే అసలు కాగితాలను ముక్కలు చేసే యంత్రంలో వేసేస్తారు. ఎందుకంటే సెంటర్ డైరెక్టర్ గారికి పక్క సందులోని సెంటర్ల మీద భయం. ముఖర్జీ నగర్‌లో పాత కాగితాలు కొనేవాడి తోపుడుబండి ప్రతిదీ గూఢచారి వాహనమేనని ఆయన గట్టి నమ్మకం. తమలపాకు చుట్టిన కాగితం కూడా జేబులో పెట్టుకుని తీసుకెళ్లి ఇంటి దగ్గర పారేసే మనిషి. అందుచేత స్కాన్ చేసిన ఫైలు పోయిందంటే, ఇక ఆ రాత భూమ్మీద లేనట్టే.

మొదట్లో సర్వర్ ఒకటే ఉండేది, ఆ సెంటర్ వెనక గదిలో. ఆ గదిలో ఎండాకాలం అప్పడాలు గాల్లో పట్టుకుంటే చాలు, వేగిపోయేవి. పరీక్ష అయిన మర్నాడు వేలాది మంది పిల్లలు తమ పేపర్ చూసుకోవడానికి ఒక్కసారిగా మీద పడేసరికి అది మూలిగి, ముక్కి, పడుకునేది. అందుకని రెండోది తెచ్చి నోయిడాలో మా ఆఫీసులో పెట్టాం. రెండూ కలిసి ఒకటిగా పని చేస్తాయి. దీన్నే క్లస్టర్ అంటారు. నేను మీటింగ్‌లో ఆ మాట అన్నప్పుడు వచ్చినంత నిశ్శబ్దం మా పెళ్లిలో నేను పాట పాడినప్పుడు కూడా రాలేదు.

వచ్చిన చిక్కల్లా ఇది. వాకిట్లో ఒక ప్రోగ్రాం ద్వారపాలకుడిలా నిలబడి, వచ్చినవాళ్లను ఒకసారి ఈ సర్వర్ దగ్గరికీ, ఒకసారి ఆ సర్వర్ దగ్గరికీ పంపుతుంది. మా పిల్ల వ్యాసం ముఖర్జీ నగర్ సర్వర్‌లో ఉంది, నోయిడాలో లేదు. ద్వారపాలకుడు అటు పంపితే ఉంది, ఇటు పంపితే లేదు. అంటే దయ్యమూ కాదు, గాలీ కాదు. రెండింటి మధ్యా ఫైళ్లు పంచుకునే ఏర్పాటు చెయ్యడం మేం మరిచిపోయాం. ఇంత చిన్న విషయం ఇంతమంది ఇంజనీర్లు కలిసి మరిచిపోవాలంటే ఎంతో సమన్వయం ఉండాలి.

డైరెక్టర్ గారు పిలిపించారు. “సర్‌జీ,” అన్నారు, టీ కూడా ఇప్పించకుండా. “వచ్చే ఆదివారం పెద్ద టెస్ట్, ఆ మంగళవారం ఇంకో చిన్నది. ఏక్ భీ ఫైల్ ఇధర్ ఉధర్ నహీ హోనీ చాహియే.” ఒక్క ఫైలు కూడా అటూ ఇటూ కాకూడదట. ఆ తర్వాత ఒక కబురు చెప్పారు. తెలుగు పేపర్లు దిద్దడానికి ఒక రిటైరైన లెక్చరర్ గారిని పట్టుకున్నారట. కూతురింటికి వచ్చినాయన, మంగళవారం రైలెక్కి వెళ్లిపోతారు. సోమవారం ఒక్క పూట వచ్చి దిద్దుతారు. మళ్లీ ఆయన దొరకరు.

ఈ మాట మా మేనకోడలికి ఫోన్లో చెప్పాను. “చదవడం వచ్చినాయనేనా మావయ్యా? గుండ్రంగా ఉన్నాయని చెప్పి పంపెయ్యరు కదా?” అంది. తర్వాత, “ఈసారి మాత్రం నా ఫైలు పోకూడదు. పోతే మీ ఇంటికొచ్చి అత్తయ్య చేతి వంట తినను,” అని బెదిరించింది. మా ఆవిడ పక్కనుంచి విని, అది బెదిరింపు ఎలా అవుతుందో తనకు అర్థం కాలేదంది.

ఇక ఫైళ్లు పంచే పద్ధతిని ఎంచుకోవాలి. మా ఆఫీసులో ఈ పనికి నాతో పాటు ఇంకో ఇంజనీరు ఉంది, కరీంనగర్ అమ్మాయి. నన్ను అన్నా అంటుంది. అంటూనే నా మాట ఒక్కటీ విననంటుంది. మా ఇద్దరి చర్చలు ఆఫీసు కింద బ్రెడ్ పకోడీ బండి దగ్గర జరిగేవి. ఆ బండివాడికి ఇప్పుడు క్లస్టర్ గురించి కాలేజీల్లో పాఠం చెప్పేంత వచ్చు.

మొదటి పద్ధతి, రెండు సర్వర్లకీ కలిపి ఒకే గోడౌన్ పెట్టడం. ఫైళ్లన్నీ ఒక్కచోటే ఉంటాయి, రెండూ అక్కడినుంచే తెచ్చుకుంటాయి. చక్కటి ఆలోచన. కానీ ముఖర్జీ నగర్‌కీ నోయిడాకీ మధ్య నడిచేది ఒక కేబుల్. ఢిల్లీలో రోడ్డు తవ్వని రోజు ఏదైనా ఉంటే ఆ రోజు ఆఫీసులకు సెలవు అయ్యుంటుంది. కేబుల్ తెగిందా, ఒక సర్వర్‌కి కళ్లు పోయినట్టే. అది వదిలేశాం.

రెండోది నా పద్ధతి. దీనికి అద్దం పద్ధతి అని పేరు పెట్టాను. ఇక్కడ ఏది జరిగితే అక్కడ అదే, రెప్పపాటులో. ఫైలు వస్తే అక్కడా వస్తుంది. మారితే మారుతుంది. చెరిపితే చెరిగిపోతుంది. ఎప్పుడు చూసినా రెండూ కవలపిల్లల్లా ఉంటాయి.

“అదే వద్దంటున్న అన్నా,” అంది కరీంనగర్ అమ్మాయి, పకోడీ నములుతూ. “జర ఇనుండ్రి. ఫైలు వస్తె రెండు దిక్కుల కాపీ కావాలె, అది ఓకే. డిలీట్ మాత్రం ఏడ జేస్తె ఆడనే ఆగాలె. రెండో దిక్కు పోవద్దు.”

“అప్పుడు రెండూ వేరువేరుగా అయిపోవూ?”

“కావు. నా ప్రోగ్రాం కొన్ని నిమిషాలకొకసారి లేస్తది. అటు ఉండి ఇటు లేనియి సూసి తెస్తది. ఇటు ఉండి అటు లేనియి పంపుతది. గంతే.”

“అంటే నేను ఇటు చెరిపిన ఫైలు, అటునుంచి మళ్లీ వచ్చేస్తుందా?”

“వస్తది.”

“చచ్చినవాడు టిఫిన్ టైముకి తిరిగొచ్చినట్టు?”

“వస్తది అన్నా. నిజంగ చెరపాల్నంటె ఆ ప్రోగ్రాం ఆపి, రెండు దిక్కుల మన చేత్తోని తియ్యాలె. రెండుసార్లు చేసెటప్పుడన్న మనిషికి తెలివొస్తది.”

దానికి నేను దయ్యాల పద్ధతి అని పేరు పెట్టి, ఆఫీసంతా తిరిగి ప్రచారం చేశాను. ప్రపంచంలో ఏ దేశమూ, ఏ కంపెనీ, చివరికి ఏ మునిసిపాలిటీ కూడా ఇలాంటి పద్ధతి వాడదని చెప్పాను. నాకు తెలిసిన మునిసిపాలిటీలు ఏ పద్ధతీ వాడవు, కాబట్టి అబద్ధం కాదు.

అద్దం పద్ధతి గొప్పతనం చూపించడానికి ఒక మధ్యాహ్నం అందర్నీ పిలిచాను. నమూనాకి ఫైళ్లు కావాలంటే, మేం కుటుంబంతో ఋషికేశ్ వెళ్లినప్పటి ఫోటోలు ఎక్కించాను. నోయిడాలో పెట్టానో లేదో ముఖర్జీ నగర్‌లో ప్రత్యక్షం. జనం ఆహా అన్నారు. నేను తలపాగా లేని మహారాజులా నవ్వి, ఇక చాలని నోయిడాలో వాటిని చెరిపాను. ముఖర్జీ నగర్‌లో కూడా పోయాయి, అంతే వేగంగా, అంతే అందంగా. అప్పుడు గుర్తొచ్చింది, నా ల్యాప్‌టాప్ నుంచి వాటిని కాపీ చెయ్యలేదు, నేరుగా తరలించాను.

అందరూ తమ తమ కుర్చీల్లోకి జారుకున్నారు. కరీంనగర్ అమ్మాయి మాత్రం, “అద్దం మస్తుగున్నది అన్నా. మొఖమే పోయింది,” అంది.

ఆ ఫోటోలు మా ఆవిడ ఫోన్లో ఉండబట్టి కాపురం నిలిచింది. మర్నాడు మీటింగ్‌లో నేనే లేచి, ఎంతో అధ్యయనం చేసిన మీదట దయ్యాల పద్ధతినే ఎంచుకున్నామని గంభీరంగా ప్రకటించాను. “ఎంచుకున్నాం” అన్న మాటకు ఆ అమ్మాయి నా వైపు చూసిన చూపుకి ఏసీ అక్కర్లేకపోయింది.

ఆదివారం పరీక్ష జరిగింది. స్కానర్లు పరపరలాడాయి. మా మేనకోడలి వ్యాసం ముఖర్జీ నగర్‌లో దిగి, కాసేపట్లో నోయిడాకీ వచ్చింది. తను తెరను లాగి లాగి చూసుకుంది. ఉంది, ఉంది, ఉంది. కాగితాలు ముక్కలయ్యాయి. సర్వర్లు రెండూ నిలబడ్డాయి. ఆ రాత్రి నేను మా సొసైటీ లిఫ్ట్‌లో తెలియనివాళ్లకి కూడా నమస్కారం పెట్టాను.

సోమవారం పొద్దున్న ఆఫీసులో కూర్చున్నానో లేదో డైరెక్టర్ గారి ఫోన్. ఆయనది ఎప్పుడూ పరుగు. మెట్లెక్కుతూనో, ఎవరినో తిడుతూనో మాట్లాడతారు. వాక్యం చివర ఉండాల్సిన క్రియాపదం అవతలివాడికి వెళ్లిపోతుంది.

“సర్‌జీ! కల్ వాలే టెస్ట్ కీ సారీ ఫైలేం సాఫ్! దోనో తరఫ్ సే! జల్దీ!”

పెట్టేశారు.

నాకు అనుమానం రాలేదు. లెక్చరర్ గారికి కంప్యూటర్ తెర పడదనీ, పేపర్లన్నీ అచ్చు తీయించి ఇస్తాననీ డైరెక్టర్ గారు అంతకుముందే చెప్పారు. అచ్చు తీయడం అయిపోయుంటుంది. కాగితాలను నమ్మని మనిషి ఇక స్కాన్ చేసిన ఫైళ్లను నమ్ముతాడా! తమలపాకు కాగితాన్ని ఇంటికి తీసుకెళ్లే మనిషికి ఇది సహజమే అనుకున్నాను.

“నిన్నటి ఫైళ్లు మొత్తం తీసెయ్యమంటున్నారు,” అన్నాను కరీంనగర్ అమ్మాయితో.

“నిన్నటియా? అప్పుడేనా?”

“ఆయన సంగతి తెలీదూ? లేటైతే పక్క సందువాళ్లు గోడ దూకి వచ్చేస్తారు.”

“పక్కానా అన్నా?”

“పక్కా.” ఇంత పెద్ద పని పెద్దవాళ్ల చేతే జరగాలని నేనే కుర్చీ లాక్కుని, నోయిడా సర్వర్‌లో ఆదివారం ఫోల్డర్ తెరిచి, మొత్తం పట్టి, చెరిపేశాను. ఖాళీ. తుడిచిన అరుగులా ఉంది. కాఫీ తెచ్చుకోవడానికి వెళ్లాను.

తిరిగొచ్చి చూస్తే ఒక్కొక్కటిగా మళ్లీ దిగుతున్నాయి.

“ఇవిగో! నీ దయ్యాలు!” అని అరిచాను. పక్క గదిలో అకౌంట్స్ దీదీ తలుపు తీసి చూసి, దయ్యాలు కనపడక తలుపేసుకుంది. “నేను చెప్పానా లేదా? అద్దం పద్ధతి అయితే ఈపాటికి రెండువైపులా శుభ్రంగా ఉండేది. ఇప్పుడు ఆయన మళ్లీ ఫోన్ చేస్తే ఏం చెప్పమంటావ్? మీరు చంపమన్నవాళ్లు అప్పుడే లేచి కూర్చున్నారని చెప్పనా?”

“ప్రోగ్రాం ఆపకుండ తీస్తె గట్లనే వస్తయి. ముందే జెప్పిన గద,” అంటూ ఆ అమ్మాయి తన కంప్యూటర్ ముందుకి జరిగింది. అటు ఆపింది. ఇటు ఆపింది. రెండు సర్వర్ల ఫోల్డర్లూ పక్కపక్కన తెరిచింది. “సరే, ఇగ పోతయి. మల్ల రావు. తీసెయ్యాల్నా?”

“తీసెయ్.”

“మల్లొకసారి చెప్పుండ్రి.”

“అబ్బా, తీసెయ్ తల్లీ!”

అప్పుడు నా ఫోన్ మోగింది. మేనకోడలు. “మావయ్యా, ఒక్క మాట. ఆయన వచ్చారు! తెల్ల లాల్చీ, చేతిలో ఎర్ర పెన్ను. పెన్ను చూస్తేనే నాకు చెమటలు పట్టాయి. కానీ ఇంకా మొదలుపెట్టలేదు. ప్రింటర్‌లో ఇంకు అయిపోయిందట, తేవడానికి ఎవరినో పంపారు. భోజనాల తర్వాత దిద్దుతారట. నాది ఉంది కదా మావయ్యా? ఒక్కసారి చూసి చెప్పవూ?”

నా రెండో చెయ్యి గాల్లోకి లేచింది, బస్సు ఆపేవాడిలా. ఆ అమ్మాయి నా చెయ్యి చూసి, తన వేలు మీటల మీంచి తీసింది.

“మావయ్యా? ఉన్నావా?”

“ఉన్నాను. ఉంది. నీది ఉంది. మళ్లీ చేస్తాను,” అని పెట్టేశాను.

“ఇంకా అచ్చు తియ్యలేదట,” అన్నాను.

“మరి తీసెయ్యమని ఎందుకన్నడు?” ఆ అమ్మాయి నుదురు ముడేసింది. “అన్నా, సార్ ఏమన్నడు? తెలుగుల గాదు, అచ్చంగ ఆయన మాటల్నే జెప్పుండ్రి.”

“కల్ వాలే టెస్ట్ కీ సారీ ఫైలేం సాఫ్.”

ఆ అమ్మాయి తల పట్టుకుంది. “కల్ అన్నడా! మరి నిన్న అని ఎట్ల జెప్తిరి?”

ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో ఉన్నాను. ఆటోవాళ్లతో హిందీలో పోట్లాడి గెలిచిన సందర్భాలు కూడా ఉన్నాయి, తక్కువే అయినా. కానీ నిన్ననీ రేపునీ ‘కల్’ అనే ఒకే మాటలో కుక్కిన భాషలో, ఏ కల్ ఏదో క్రియాపదాన్ని బట్టి పోల్చుకోవాలి. ఆ క్రియాపదాన్ని డైరెక్టర్ గారు మెట్ల మీద పారేసుకున్నారు. హిందీలో ఆ మాట అలాగే వదిలేస్తే ఎవరికీ ప్రమాదం లేదు. తెలుగులోకి తేవాలంటే మాత్రం నిన్నో రేపో తేల్చాలి. నేను తేల్చాను.

కల్ అంటే ఏ రోజని ఆయనకి ఫోన్ చేసి అడిగాను. “సర్, కల్ మత్లబ్?”

“కల్ మత్లబ్ కల్, సర్‌జీ!” అని అరిచారు, ఇంత తెలివితక్కువ ప్రశ్న జీవితంలో వినలేదన్నట్టు.

“సర్, జో హువా, యా జో హోగా?” జరిగిందా, జరగబోయేదా అని అడిగాను.

“అరే భాయ్, జో హోగా! కల్ సుబహ్ టెస్ట్ హై నా! లడ్కోం నే ట్రయల్ మే బిజ్లీ కా బిల్ ఔర్ అఖ్‌బార్ స్కాన్ కర్ దియా. వో కచరా హటాయియే. సండే వాలీ కో హాథ్ మత్ లగానా, ప్రొఫెసర్ సాహబ్ బైఠే హైం!”

మంగళవారం పరీక్షకి స్కానర్లు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూడ్డానికి సెంటర్ వాళ్లు కరెంటు బిల్లులూ, పాత న్యూస్‌పేపర్లూ స్కాన్ చేశారట. ఆ చెత్త తియ్యమన్నారాయన. లెక్చరర్ గారు వచ్చి కూర్చున్నారు, ఆదివారం వాటిలో చెయ్యి కూడా పెట్టొద్దన్నారు. నేను చెయ్యే కాదు, మోచేతి దాకా పెట్టాను.

“ఠీక్ హై సర్, హో జాయేగా,” అన్నాను, శంకరాభరణం పాడుతున్నంత ప్రశాంతంగా.

ఆ అమ్మాయి అప్పటికే ఆదివారం ఫోల్డర్లు రెండూ పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తోంది. ముఖర్జీ నగర్‌లో ఉన్నవన్నీ నోయిడాకి తిరిగొచ్చేశాయి. ప్రోగ్రాం ఆపేలోపే మొత్తం దిగిపోయాయి. ఒక్కటీ తక్కువ లేదు. మా మేనకోడలి పేరు రెండువైపులా కనపడింది. తెరిచి చూశాను. ఆ గుండ్రటి అక్షరాలు, మొదటి పేజీలో కొట్టివేతలతో సహా, అలాగే ఉన్నాయి. ఎన్నో ఏళ్లుగా ఏ పుస్తకం మొదటి పేజీనీ నేనంత ఆప్యాయంగా చదవలేదు. ఏం రాసిందో మాత్రం ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

“కరెంటు బిల్లులు మీరే తీస్తరా అన్నా, పెద్దోళ్లు గద?” అంది.

“వద్దమ్మా. నువ్వే తియ్.”

“మాట కాపీ చేసెటప్పుడు గూడ జెర పైలంగుండాలె మరి,” అని నవ్వుతూ, ఆ బిల్లులనీ న్యూస్‌పేపర్లనీ రెండువైపులా తీసేసి, ప్రోగ్రాం మళ్లీ నడిపింది. నేను కిందికి వెళ్లి బండి దగ్గరున్న బ్రెడ్ పకోడీలన్నీ కట్టించుకొచ్చి ఆ అమ్మాయి బల్ల మీద పెట్టాను. బండివాడు, “క్యా హువా భయ్యా, డేటా బచ్ గయా?” అంటూ డేటా గట్టెక్కిందా అని అడిగాడు. చెప్పాను కదా, వాడికి అన్నీ తెలుసు.

మధ్యాహ్నమంతా నేను ఏ ఫోల్డరూ ముట్టుకోలేదు. మౌస్ కూడా వేలి కొసతో కదిపాను. టీ తాగాను, ఊపిరి వదిలాను, మళ్లీ టీ తాగాను. ఆ వదిలిన ఊపిరికి నోయిడాలో గాలి ఏ వైపుకి మళ్లిందో వాతావరణ శాఖ వాళ్లే చెప్పాలి.

సాయంత్రం మెట్రోలో నిలబడి ఉండగా ఫోన్ వచ్చింది.

“మావయ్యా! దిద్దారు!”

“ఎన్ని మార్కులు?”

“అడక్కు. ఘోరం. పేజీ నిండా ఎర్ర గీతలు. మొదటి రెండు పేజీలూ దండగ అన్నారు. ‘అసలు చెప్పవలసినది మూడో పేజీలో మొదలైనది’ అని రాశారు, ఇంత పొడుగు బాణం గీసి మరీ.” గొంతు గబగబా పరిగెడుతోంది. “చివర్లో నేను వాడిన ఒక మాట తప్పు, ఇది వాడాలి అని కూడా రాశారు. చివరి పేజీలో మావయ్యా! చివరి లైన్లో! అంటే అక్కడిదాకా చదివారు.”

“అయితే బాధపడకు. ఇంకోసారి...”

“బాధేంటి మావయ్యా? మొత్తం చదివారంటుంటే!” అంది. “సరే, ఆదివారం వస్తున్నాను, అత్తయ్యకి చెప్పు. మూడో పేజీ నుంచి మొదలుపెట్టి ఇప్పుడే మళ్లీ రాస్తున్నా, ఉంటాను.”